ముఖం తెలియని వాళ్ల దగ్గర పాత ఆంప్లిఫయర్ కొనడం ఎలా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక పాత స్టీరియో ఆంప్లిఫయర్ నచ్చింది. డబ్బు పంపే ముందు అమ్మేవారిని ఏమేం అడగాలి?

జవాబు 1: ఫొటోలు ఎవరివైనా కావచ్చండి. కాగితం మీద మీ పేరు, ఈరోజు తేదీ రాసి సీరియల్ నంబర్ పక్కన పెట్టి వీడియో తీయమనండి. అందులోనే, పాట వస్తుండగా వాల్యూమ్ నాబ్ అటూ ఇటూ తిప్పాలి. గరగరమంటే చాలావరకు దుమ్మే, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఒక చానల్ (ఎడమ లేదా కుడి వైపు శబ్దం) వస్తూ పోతూ ఉంటే మాత్రం రిలే (లోపల స్పీకర్లను కలిపే స్విచ్) గానీ సోల్డర్ అతుకులు గానీ పాడై ఉండొచ్చు, ధర తగ్గించమనండి.

జవాబు 2: అమ్మేవారి దగ్గర మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే మీటర్) ఉంటే స్పీకర్లు తీసేసి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ ఆఫ్‌సెట్ (పాట లేకపోయినా అక్కడ ఉండే డీసీ వోల్టేజి) కొలవమనండి. 50 మిల్లీవోల్టులు దాటితే నేనైతే కొనను.

జవాబు 3: భయం అమ్మేవారికీ ఉంటుంది, కొన్నవాళ్లు దాని బదులు వేరే పాడైన ఆంప్లిఫయర్ వెనక్కి పంపుతారేమోనని. ప్యాకింగ్ వీడియో వాళ్లు, విప్పే వీడియో మీరు తీయండి. సీరియల్ నంబర్ రెండింట్లోనూ కనబడాలి.