రీ: కొమ్మాదిలో స్థలం ఉంది, ఇల్లు కట్టాలి, నేనేమో డాలస్‌లో

కొమ్మాది_డాలస్:

అన్నలూ అక్కలూ నమస్తే. నేను ఇక్కడికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. వైజాగ్‌లో కొమ్మాది దగ్గర నాన్నగారు ఎప్పుడో వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) లేఔట్‌లో కొన్న 240 గజాల స్థలం ఉంది, నేను బయల్దేరే ముందు నా పేరు మీద గిఫ్ట్ డీడ్ చేశారు. కింద అమ్మానాన్న, పైన మేం వచ్చినప్పుడు ఉండేలా జీ ప్లస్ వన్ అనుకుంటున్నాం. ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) ఎంతవుద్ది, ఎన్నాళ్ళు పడుద్ది, మెటీరియల్‌తో కలిపి ఇవ్వాలా లేబర్ కాంట్రాక్టా, లోన్ దొరుకుద్దా, నేను లేకుండా అప్రూవల్ అవుద్దా, అన్నీ డౌట్లే. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, రోజూ సైట్ దగ్గర నిలబడలేరు. తెలిసిన కాంట్రాక్టర్ ఒకాయన 40 శాతం అడ్వాన్స్ ఇస్తే వచ్చే నెలే ముగ్గు పోసేద్దాం అంటున్నారు. ఇచ్చేయొచ్చా?

ఎంవీపీ_ఎడిసన్:

తమ్ముడూ, ఇవ్వకు. ఆయన మంచోడే అయ్యుండొచ్చు, నేను కాదనను, కానీ నువ్వు ఇంత దూరంలో ఉన్నప్పుడు నీ చేతిలో ఉండేది డబ్బు ఒక్కటే, అది ముందే ఇచ్చేస్తే తర్వాత నీ ఫోన్ ఎత్తడానికి ఆయనకి తొందరేం ఉంటుంది చెప్పు. మెటీరియల్ దింపుకోడానికి కొంచెం ఇవ్వు, మిగతాదంతా విడతలుగా. పుట్టింగులు, అదే పునాదులు, అయ్యాక ఒకటి, ప్లింత్ బీమ్ (పునాది పైన వేసే బీమ్) అయ్యాక ఒకటి, ఒక్కో స్లాబ్‌కి ఒకటి, బ్రిక్ వర్క్, ప్లాస్టరింగ్, అలా. ఆఖర్న 5 శాతమైనా ఆపుకోవాలి, ఇంట్లో దిగి ఒక వానాకాలం చూశాక ఇచ్చేలా అగ్రిమెంట్‌లోనే రాయించు. లీకేజీ ఉంటే మన ఊళ్ళో అక్టోబర్ నవంబర్‌లో దానంతటదే బయటపడుద్ది.

ఎస్‌ఎఫ్‌టీకి ఎంత అని మొదటే అడక్కు, ఏమేం కలిపి అంత అని అడుగు. ఒకాయన తక్కువ రేటు చెప్తాడు, తీరా చూస్తే అందులో కాంపౌండ్ వాల్ లేదు, సంపు లేదు, సెప్టిక్ ట్యాంక్ లేదు, బోరు లేదు, ఎలివేషన్ వేరే, గ్రిల్స్ వేరే, మెయిన్ డోర్ టేకు అయితే వేరే. ఇంకొకాయన ఎక్కువ చెప్తాడు కానీ అవన్నీ కలిపే చెప్తాడు. బాల్కనీ, మెట్ల హెడ్‌రూమ్ కొలతలో ఎలా లెక్కేస్తారో కూడా రాయించు, సగం లెక్కా పూర్తి లెక్కా అని, చివర్లో గొడవలన్నీ అక్కడే. స్టీల్ ఏ కంపెనీ ఏ గ్రేడు, సిమెంట్ ఏది, వైరు ఏది, టైల్స్ ఎస్‌ఎఫ్‌టీకి ఎంత రేటు వరకు, అన్నీ పేరుపేరునా. "మంచి క్వాలిటీ" అని రాస్తే అది ఏమీ రాయనట్టే.

లేబర్ కాంట్రాక్ట్‌లో డబ్బు మిగులుద్ది, నిజమే, కానీ ఇసుక లారీ రాత్రి పదకొండింటికి వస్తే ఎవరు దింపించుకుంటారు, సిమెంట్ బస్తాలు ఎవరు లెక్కపెడతారు? నాన్నగారి ఆరోగ్యం అలా ఉందంటున్నావ్ కాబట్టి మెటీరియల్‌తో ఇవ్వడమే మేలు. నాదైతే ఇంకో మాట: కాంట్రాక్టర్‌కి సంబంధం లేని సివిల్ ఇంజినీర్‌ని ఒకర్ని నువ్వే విడిగా పెట్టుకో, స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఇచ్చినాయనైతే ఇంకా మంచిది, విజిట్‌కి ఇంత అని మాట్లాడుకో. ప్రతి కాంక్రీటుకి ముందు రోజు ఆయన వచ్చి సరే అన్నాకే పోయాలి. ఇంటి మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రాదు.

టైమ్ అంటావా, జీ ప్లస్ వన్‌కి ఏడాది పైనే పెట్టుకో. ఆరు నెలల్లో తాళాలిస్తా అన్నోడి మాట విని నవ్వి ఊరుకో. పుట్టింగులు మాత్రం తుఫాన్ల సీజన్ దాటాక, డిసెంబర్ ఆఖర్లో గానీ జనవరిలో గానీ మొదలుపెట్టు, గోతుల్లో నీళ్ళు తోడే పని తప్పుద్ది.

గాజువాక_సియాటెల్:

అన్నయ్య కట్టడం గురించి చెప్పారు, నేను కాగితాలు చెప్తా.

ముందు ఈసీ, అదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించు బాబూ, గిఫ్ట్ డీడ్ ఎంట్రీ పడిందో లేదో, పైన ఇంకేమైనా ఉన్నాయేమో చూడు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా) ఉందేమో కూడా చూసుకో, వుడా లేఔట్ అయితే ఉండకూడదు కానీ మన వైజాగ్‌లో చూడకుండా నమ్మడానికి లేదు. ఐదు ఊళ్ళ భూములు దేవస్థానానివా అన్న సింహాచలం పంచగ్రామాల గొడవ తెలిసిందే కదా, అడివివరం వేపగుంట వైపు ఎన్నేళ్ళుగా ఇళ్ళు కట్టుకుని ఉన్నోళ్ళు కూడా దాంతోనే తిరుగుతున్నారు. నీది కొమ్మాది కాబట్టి అది కాదు, కానీ పక్కన గెడ్డ (వాగు) ఉందా, పాత చెరువు ఉండేదా అని అక్కడి పాతోళ్ళని నాన్నగారితో అడిగించు. గెడ్డకి ఆనుకుని ఉంటే ప్లాన్‌లో ఖాళీ వదలాలి, పైగా నేల కూడా మెత్తగా ఉంటుంది. వీఎల్‌టీ, అదే ఖాళీ స్థలం పన్ను, నీ పేరుకి మారిందా? బకాయి ఉంటే ప్లాన్ దగ్గర ఆగుద్ది.

స్థలం కొలిపించు. డాక్యుమెంట్‌లో 240 గజాలున్నా సైట్ మీద తక్కువ వస్తే ప్లాన్ ఆ తక్కువకే. మాస్టర్ ప్లాన్‌లో ముందు రోడ్డు వెడల్పు ఎక్కువ చూపిస్తే అంతమేర వదిలి మిగిలినదాంట్లో సెట్‌బ్యాక్‌లు, అదే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, లెక్కేస్తారు, అప్పుడు నువ్వు కాగితం మీద గీసుకున్న మూడు బెడ్‌రూములు రెండైపోతాయి. అందుకే కొలత కాకుండా ఆర్కిటెక్ట్‌తో 3డీ బొమ్మలు గీయించుకోవద్దు.

అప్రూవల్‌కి నువ్వు రానక్కర్లేదు. జీవీఎంసీకి, అదే విశాఖ కార్పొరేషన్‌కి, ఆన్‌లైన్‌లో ఎల్‌టీపీ (లైసెన్స్ ఉన్న ఇంజినీర్ లేదా ఆర్కిటెక్ట్) ప్లాన్ పెడతారు. చిన్న ఇళ్ళకి ఇప్పుడు సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చింది కాబట్టి పని తొందరగా అవుద్ది, కానీ రూల్ ప్రకారమే కడతామని సంతకం పెట్టేది మీరే, రేపు సెట్‌బ్యాక్‌లో మెట్లు కట్టేసి ఎవరూ చూడలేదులే అంటే కుదరదు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తీసుకునే వరకు ప్లాన్ దాటొద్దు.

నాన్నగారికి పవర్ ఇవ్వాలి. జనరల్ కాకుండా స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించు: ప్లాన్ అప్లికేషన్, కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్, కరెంటు నీళ్ళ కనెక్షన్లు, లోన్ తీసుకుంటే బ్యాంకు సంతకాలు, అంతవరకే. అమ్మే హక్కు అందులో రాయకు. నాన్నగారి మీద అనుమానమని కాదు, కాగితం రేపు ఎవరి చేతిలో పడుద్దో తెలీదు. టెక్సాస్ వాళ్ళకి హ్యూస్టన్ కాన్సులేట్, అక్కడ అటెస్ట్ చేయించి ఒరిజినల్ కొరియర్ చెయ్యి. అది ఇండియాలో చేరిన 3 నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో వ్యాలిడేట్ చేయించాలి. బీరువాలో పెట్టి మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకోటి, కొత్తగా వచ్చినోళ్ళెవరూ పట్టించుకోనిది: నీ పాత సేవింగ్స్ అకౌంట్ ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐల ఇండియా అకౌంట్) మార్చావా? మార్చకపోతే మార్చు, అక్కణ్ణుంచి పంపే డబ్బుకి ఎన్‌ఆర్‌ఈ అకౌంట్ కూడా తెరువు. ఇంటి డబ్బు ఆ అకౌంట్ల నుంచే చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో నేరుగా కాంట్రాక్టర్‌కి వెళ్ళాలి, బిల్లులు నీ పేరు మీద ఉండాలి. నాన్నగారికి పంపి ఆయన క్యాష్ ఇస్తే ఎప్పుడైనా అమ్మినప్పుడు ఆ ఖర్చు నీదని చూపించడం కష్టం. కాంట్రాక్టర్‌కి ఏడాదిలో 50 లక్షలు దాటితే టీడీఎస్ కట్ చెయ్యాల్సింది నువ్వే, ఆడిటర్‌ని అడుగు. ఇక్కడ అమెరికా వైపు, ఇండియా అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అదే విదేశీ అకౌంట్ల రిపోర్టు, ఫైల్ చెయ్యాలి, ఇల్లు కట్టేటప్పుడు ఖచ్చితంగా దాటుద్ది.

లోన్ దొరుకుద్ది. కట్టడానికిచ్చే లోన్ ఒక్కసారే ఇవ్వరు, బ్యాంకు ఇంజినీర్ వచ్చి చూసి స్టేజీల వారీగా వదుల్తారు. లోన్ అవసరం లేకపోయినా కొంచెం తీసుకోమంటా నేను, ఇంకో జత కళ్ళు ఉచితం.

భీమిలి_మెల్‌బోర్న్:

ఉచితం కాదు అక్కా, ప్రాసెసింగ్ ఫీజు ఉంది 😀

తమ్ముడూ వాస్తు ముందే తేల్చేయ్. ప్లాన్ అప్రూవ్ అయ్యి పుట్టింగులు తవ్వాక మా మావయ్య ఒకాయన వచ్చి మెట్లు ఈశాన్యంలో ఉన్నాయన్నాడు, అమ్మ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఆఖరికి మెట్లు మార్చి రివైజ్డ్ ప్లాన్ పెట్టాం. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇంట్లో నమ్మేవాళ్ళందరినీ కూర్చోబెట్టి గీసిన రోజే సరే అనిపించుకో. ఆషాఢం, మూఢం కూడా క్యాలెండర్‌లో చూసుకో, శంకుస్థాపన అక్కడే ఆగుద్ది.

కొమ్మాది_డాలస్:

చాలా థాంక్స్ అక్కా, అన్నా. ఈసీకి ఈరోజే చెప్పా. ఒక్క డౌట్: నేను ఇక్కడ్నుంచి వీడియో కాల్‌లో చూస్తే నాకేం తెలుస్తుంది? అసలు ఏం చూడాలి?

ఎంవీపీ_ఎడిసన్:

మంచి ప్రశ్న. కాంక్రీటు పోసేశాక చూడ్డానికేమీ ఉండదు, పోయకముందే చూడాలి.

మన ఊరికి పెద్ద శత్రువు ఉప్పుగాలి. లాసన్స్ బే కాలనీ, పెద వాల్తేరు వైపు పాత ఇళ్ళు చూశావా, బాల్కనీ అడుగున సిమెంట్ పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తుంటాయి. ఊచకి బయట ఉండాల్సిన కాంక్రీటు మందం, అదే కవర్, సరిగ్గా లేక వచ్చే జబ్బే ఎక్కువ. ఐఎస్ 456, అదే మన కాంక్రీటు కోడ్, ప్రకారం తీరప్రాంతం గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకి కనీసం ఎం30 గ్రేడు (నంబరు ఎంత ఎక్కువైతే అంత బలం), కవర్ 45 మిల్లీమీటర్లు; ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉన్నదానికి ఎం25, 30 మిల్లీమీటర్లు. కొమ్మాది సముద్రానికి మరీ దగ్గరేం కాదు, కానీ రుషికొండ గాలి అక్కడికి రాదని కూడా అనలేం. నీ ఇంటికి ఏది వర్తిస్తుందో ఇంజినీర్‌తో డ్రాయింగ్ మీద రాయించు. ఎం20 చాలు సార్, అందరికీ అదే అంటే ఒప్పుకోకు.

ఇప్పుడు వీడియో కాల్. స్లాబ్‌కి ముందు రోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే, ఇంజినీర్‌ని సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కట్టే రేకుల తట్టు) మీదకి ఎక్కమను. ఫోన్ కిందకి వంచి ఊచ కింద చూపించమను. సిమెంట్ కవర్ బ్లాకులు కనపడాలి, టేపు పెట్టి మందం చూపించాలి. చాలాచోట్ల ఏం చేస్తారంటే అక్కడ దొరికిన కంకర ముక్క ఊచ కింద దోపుతారు, మనుషులు నాలుగడుగులు నడిచేసరికి అది జారిపోయి ఊచ రేకుకి ఆనేస్తుంది, రేకు విప్పాక ఆ ఊచ స్లాబ్ అడుగున గీతలా కనపడుద్ది, అప్పుడు పైన సిమెంట్ పూసి దాచేస్తారు. అది చూశావంటే కాంక్రీటు ఆపు. మర్నాడు లారీలు వస్తున్నాయి, మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) వచ్చేసింది, కూలీలు వచ్చేశారు అని గోల పెడతారు, పెట్టనీ. బాల్కనీ దగ్గర పై ఊచలు పైనే ఉన్నాయా అని కూడా చూడమను, నడుస్తూ తొక్కేసి కిందకి దించేస్తారు, బాల్కనీకి బలమంతా పైనే.

పోసిన రోజు అదే కాంక్రీటుతో టెస్ట్ క్యూబులు తీయించు, 150 మిల్లీమీటర్ల డబ్బాల్లో, 7 రోజులకి, 28 రోజులకి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పగలగొట్టించి రిపోర్టు నీకు మెయిల్ చేయమను. తర్వాత స్లాబ్ మీద నీళ్ళు కట్టాలి, స్లాగ్ సిమెంట్ (ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్ కలిపింది) గానీ పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన సిమెంట్) గానీ అయితే 10 రోజులకి తగ్గొద్దు, 14 పెట్టుకో. స్లాగ్ సిమెంట్ మన ఊరి ఉప్పుగాలికి మంచిదే, వాడొచ్చు. ఇందుకోసం మాత్రం సైట్‌లో 4జీ సోలార్ కెమెరా ఒకటి పెట్టు, స్లాబ్ తడిగా ఉందో లేదో నువ్వు డాలస్‌లో పొద్దున్నే లేచి చూసుకోవచ్చు. వాచ్‌మన్ ఉన్నాడు కదా అనకు.

కిటికీలు. హుద్‌హుద్ తుఫాను గుర్తుందిగా, 2014 అక్టోబర్ 12. విశాఖకి బిల్డింగుల గాలి కోడ్‌లో లెక్కేసే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హాల్లో గోడంతా గ్లాసు పెట్టాలని ముచ్చటపడకు, పెట్టినా ఆ లెక్కకి తగిన ఫ్రేము, గ్లాసు మందం అడుగు. డాబా మీద రేకుల షెడ్డు వేస్తే బోల్టులు గట్టిగా, లేకపోతే పక్కింటోళ్ళకి ఎగిరిపోద్ది.

కొమ్మాది_డాలస్:

అన్నా లాస్ట్ ఒకటి. పక్క స్థలంలో బోరు ఉంది, నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి అంటారు. కట్టుబడికి అవే వాడదామంటున్నారు కాంట్రాక్టర్.

ఎంవీపీ_ఎడిసన్:

నోటికే ఉప్పగా తెలుస్తోందంటే టెస్ట్ చెయ్యకుండా వాడొద్దు. ఒక లీటరు సీసాలో పట్టి ల్యాబ్‌కి ఇవ్వమను. ఊచలున్న కాంక్రీటుకి క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే కాంక్రీటుకీ క్యూరింగ్‌కీ ట్యాంకర్ తెప్పించుకోవాలి, ఆ ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో ఇప్పుడే రాయించు. ఇసుక కూడా వంశధారదా గోదావరిదా అని అడుగు, తీరం పక్క ఇసుకైతే లారీ వెనక్కి పంపించెయ్.

నీళ్ళ రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టు. అగ్రిమెంట్ డ్రాఫ్ట్ కూడా పెట్టు, సంతకానికి ముందు అక్కా నేనూ చూస్తాం.