అప్‌డేట్: వరి మడిలో కనిపించిన ఊదారంగు పూలు బోడతరమే

కోతలయ్యాక తెనాలి వైపు తడి మడిలో, బురదను అంటుకుని పరుచుకున్న ఊదారంగు గుండ్రని పూల మొక్క ఏమిటని అడిగాను. అది బోడతరం, శాస్త్రీయ నామం స్ఫీరాంథస్ ఇండికస్. ఇక సందేహం లేదు.

కొందరు బొగడబంతి అన్నారు. పువ్వు మాత్రమే చూస్తే అలా అనిపించడం సహజం. కానీ బొగడబంతి ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి, ఇక్కడ కణుపుకు ఒక్కటే ఉంది. అంతకన్నా గట్టి ఆధారం కాండం. ఆకు మొదలు నుంచి కాండం వెంట రెక్కలాంటి పలుచని అంచు కిందికి దిగింది, దానికి రంపపు పళ్ళున్నాయి. దీనికి దగ్గరి బంధువైన, ఇదే ప్రజాతిలోని మరో మొక్క స్ఫీరాంథస్ ఆఫ్రికానస్‌కు ఆ పళ్ళు ఉండవు. కాండాన్ని దగ్గరగా ఫొటో తీయమన్న వారికి ప్రత్యేక కృతజ్ఞతలు, విషయం తేలింది అక్కడే. ఆకు నలిపితే ఘాటైన వాసన కూడా వచ్చింది.

భూతద్దంతో చూస్తే ఎంత ఆశ్చర్యమో! ఒకే పువ్వనుకున్న బంతి నిండా చిన్న చిన్న పూగుత్తులు, ఒక్కో గుత్తిలో మళ్ళీ సన్నని పూలు. చామంతి కుటుంబమే మరి.

ఇది ఏకవార్షికం, మన నేలకు సొంత మొక్క. మినుము మడిలో కలుపుగా పీకేస్తారు, అది రైతు అవసరం. గట్టు పక్కన ఉన్నవాటిని గింజ రాలేదాకా ఉంచమని అడిగాను, సరేనన్నారు.