అప్‌డేట్: క్రిస్మస్ నాటకానికి ల్యాప్‌టాప్ పెట్టగానే బాక్సుల్లో మోత (తేలిపోయింది)

పాలకొల్లు దగ్గర మా ఊరి చర్చి పందిట్లో పిల్లల క్రిస్మస్ నాటకానికి ల్యాప్‌టాప్ నుంచి ట్రాకులు వేస్తుంటే స్పీకర్ బాక్సుల్లో గుయ్‌మని మోత వస్తోందని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ఛార్జర్ పీకి చూడండి" అన్న మాటే దారి చూపింది. బ్యాటరీ మీద నడిపితే మోత ఠక్కున ఆగిపోయింది.

సౌండ్ టెక్నీషియన్ కూడా గ్రౌండ్ లూప్ అనే తేల్చారు. స్టేజీ దగ్గర ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ఛార్జర్ ఒక లైన్లో, పందిరి చివర మిక్సర్ ఇంకో లైన్లో ఉన్నాయి. రెండు ఎర్తులూ ఆడియో వైరు ద్వారా కలిసి 50 హెర్ట్జ్ కరెంటు మోత బాక్సుల్లోకి ఎక్కింది. ఒకే బోర్డు నుంచి రెండింటికీ కరెంటు ఇస్తే తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రెండు ఛానళ్ల పాసివ్ డీఐ బాక్సును (ల్యాప్‌టాప్ సిగ్నల్‌ను మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కు సరిపడేలా మార్చే, కరెంటు అక్కర్లేని చిన్న పెట్టె) ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్) కేబుళ్లు మిక్సర్ మైక్ ఇన్‌పుట్లకు లాగి, గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో వైరు ద్వారా ఎర్తులు కలవకుండా తెంచే స్విచ్చు) నొక్కాక మొత్తం పోయింది. ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైక్ వైరు ద్వారా పంపే కరెంటు) అక్కర్లేదు, మిక్సర్‌లో గెయిన్ (సిగ్నల్ పెంచే నాబ్) మాత్రం కాస్త పెంచుకోవాలి.

నక్షత్రం లైట్లకూ, సీరియల్ సెట్లకూ, జనరేటర్‌కూ దీంతో సంబంధం లేదు. మైక్ వైర్లు మార్చినా తేడా రాలేదు. ఎర్త్ లేని రెండు పిన్నుల అడాప్టర్ ఉన్న కీబోర్డులో మోతే లేదు.

మోత పోవడానికి ఛార్జర్ ఎర్త్ పిన్ను కోసేయమని ఇక్కడ వచ్చిన సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. డిసెంబరు రాత్రి మంచుకు తడిసిన స్టేజీ మీద పిల్లలు ఇనుప మైకులు పట్టుకుని పాడతారు, ప్రాణాల మీదికొస్తుంది. డీఐ బాక్సు దొరక్కపోతే నాటకం అయ్యేదాకా బ్యాటరీ మీదే నడపండి.