గ్లాస్గోలో పిల్లల్ని ఫుట్‌బాల్‌కి తీసుకెళ్ళేవాళ్ళు సలహా ఇస్తారా?

తొమ్మిదేళ్ళ మా బాబు ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు సెల్టిక్ సీజన్ టికెట్ కావాలంటున్నాడు. మా ఇల్లేమో దాని ప్రత్యర్థి జట్టు రేంజర్స్ స్టేడియం ఐబ్రాక్స్ పక్కనే. సెల్టిక్‌ని 1887లో ఐరిష్ క్యాథలిక్ పేదలకు సాయం చేయడానికి పెట్టారు. రేంజర్స్‌ని ప్రొటెస్టెంట్ల జట్టుగా చూస్తారు. మేం హిందువులం, ఏ పక్షమూ కాదు. అయినా వాడు సెల్టిక్ ఆకుపచ్చ జెర్సీతో మా వీధిలో తిరిగితే ఎవరైనా ఏమైనా అంటారేమోనని నాకు టెన్షన్.

డబ్బు సంగతి ఇంకోటి. వాడితో పెద్దవాళ్ళొకరు వెళ్ళాలి కాబట్టి రెండు టికెట్లు కొనాలి. ఆ డబ్బు జూనియర్ ఐసాలో (పిల్లల పేరు మీద పన్ను లేని పొదుపు ఖాతా) వేస్తే పద్దెనిమిదేళ్ళకి చేతికొస్తుందని మావారు అంటున్నారు. నిజమే, కానీ స్నేహితులంతా మ్యాచ్ గురించి మాట్లాడుకుంటుంటే వీడొక్కడూ విడిగా మిగిలిపోవడం నాకు కష్టంగా ఉంది.

ఈ గొడవలో లేని మరో గ్లాస్గో జట్టు, ఫర్‌హిల్ స్టేడియంలో ఆడే పార్టిక్ థిసిల్‌కి అలవాటు చేస్తే నయమా? మీ ఇళ్ళలో ఏం చేశారు?