డిగ్రీ అయిపోయింది, వెబ్ డెవలప్‌మెంట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? నల్లగొండ, పాలమూరు వాళ్లు చెప్పండి

దేవరకొండ_డిగ్రీ
ఈ ఏడాదే బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తయింది. మాకు మూడెకరాల బత్తాయి తోట, వేరే ఆదాయం లేదు. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ (ఫ్రంటెండ్, బ్యాకెండ్ రెండూ) కోర్సుకు నలభై ఐదు వేలు అడుగుతున్నారు, హాస్టల్ ఖర్చు వేరే. నాలుగు నెలల్లో జావా, రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ సాధనం), నోడ్, మాంగోడీబీ (డేటాబేస్), క్లౌడ్ అన్నీ నేర్పిస్తారట. కట్టమంటారా? ఫ్రంటెండా (తెర మీద కనిపించే భాగం), బ్యాకెండా (వెనక సర్వర్‌లో నడిచే భాగం) అన్నది కూడా తేలడం లేదు.

జడ్చర్ల_అక్క
తమ్ముడూ, 2019లో నేను అలాంటి కోర్సుకే డబ్బు కట్టాను. మొదటి ఇంటర్వ్యూలో అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఫారంలో బటన్ నొక్కగానే పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతోంది, ఎందుకు?" రెజ్యూమెలో మూడు రియాక్ట్ ప్రాజెక్టులు రాసుకున్న దాన్ని, నోరు పెగల్లేదు. ఫారం సబ్మిట్ అయితే బ్రౌజర్ తనంతట తానే కొత్త పేజీ అడుగుతుంది, మనకు అది వద్దంటే ప్రివెంట్‌డిఫాల్ట్ అని రాసి ఆపాలి. ఇది రియాక్ట్ కంటే ముందు తెలియాల్సిన సంగతి. మాకు హెచ్‌టీఎంఎల్ (పేజీ నిర్మాణం రాసే భాష) రెండు రోజుల్లో ముగించేశారు.

చివరికి టెస్టింగ్ ఉద్యోగంతో లోపలికి వెళ్లాను. రెండేళ్లు ఇతరుల తప్పులు పట్టుకుంటూ ఉంటే కోడ్ చదవడం వచ్చింది, ఆ తర్వాత అదే ఆఫీసులో డెవలపర్‌గా మారాను. ఆ దారిని చిన్నచూపు చూడకు.

మిర్యాలగూడ65
2012లో జేక్వెరీ వస్తే చాలు, ఉద్యోగం ఖాయం అన్నారు. తర్వాత యాంగులర్ అన్నారు, ఆపైన రియాక్ట్ అన్నారు. వీటన్నిటి అడుగున ఉన్న జావాస్క్రిప్ట్ భాష మాత్రం 1995లో పుట్టింది, ఇంకా అదే నడుస్తోంది. పీహెచ్‌పీ భాష పని అయిపోయిందని పదేళ్లుగా వింటున్నాను. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ నడిచేది దాని మీదే, నా ఇంటి అద్దె కూడా.

బ్యాకెండ్ వైపు మనసుంటే మాంగోడీబీ కంటే ముందు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) పట్టుకో. రెండు పట్టికలు జాయిన్ చేయడం, ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసేది) ఎందుకు పెడతారో చెప్పగలగడం వస్తే సగం మంది కంటే ముందుంటావు. గిట్ (కోడ్‌లో మార్పులు భద్రపరిచే సాధనం) మొదటి వారంలోనే అలవాటు చేసుకో.

కొత్త_సభ్యుడు_7
ఇవన్నీ ఎందుకు? రెజ్యూమెలో లేని రెండేళ్ల అనుభవం పెట్టుకో. అందరూ చేస్తున్నదే.

జడ్చర్ల_అక్క
అందరూ చేయడం లేదు. చేసినవాళ్లలో నాకు తెలిసిన ఒకతను చేరిన మూడో నెలలో ఇంటికి వచ్చేశాడు. పీఎఫ్ ఖాతాలో ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశామో ఉంటుంది, కంపెనీలవాళ్లు చూసేది అదే.

పేట_చీరలు
నారాయణపేట నుంచి. నేను ఉద్యోగం చేయడం లేదు, చుట్టుపక్కల దుకాణాలకు సైట్లు చేసిపెడతాను. మొదటి పని ఒక చీరల కొట్టుకు. ఫోనులో తీసిన ఫొటోలు, ఒక్కోటి ఆరు ఎంబీ, అలాగే ఎక్కించాను. నా వైఫైలో దివ్యంగా తెరుచుకుంది. యజమాని తన ఊళ్లో తెరిస్తే చీర అంచు దగ్గరే ఆగిపోయింది. ఫొటోల వెడల్పు తగ్గించి వెబ్‌పీ (తక్కువ సైజు ఫొటో ఫార్మాట్) లోకి మార్చాక ఒక్కోటి నూట యాభై కేబీ లోపుకు వచ్చింది. నాకు సైటు వేగం గురించి పాఠం చెప్పింది ఆయన ఫోనే.

ఇంకొకటి, ఇది ఏ కోర్సులోనూ చెప్పరు. పేరు గడిలో పది అక్షరాల పరిమితి పెట్టాను. ఒకావిడ శ్రీలక్ష్మి అని కొడితే చివరి గుడి ఎగిరిపోయి "శ్రీలక్ష్మ" అయింది. కంటికి మూడే అక్షరాలు కదా! జావాస్క్రిప్ట్ మాత్రం పొల్లు, గుడి, ఒత్తు అన్నీ విడదీసి పదకొండుగా లెక్కపెడుతుంది. తెలుగువాళ్ల కోసం సైట్లు చేసేవాళ్లు ఇలాంటివి ముందే చూసుకోవాలి.

పానగల్లు_గట్టు
ఇప్పుడు కోడంతా ఏఐ రాసిస్తోంది కదా, నేర్చుకోవడం దండగ కాదా? నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ 2023లో ఐటీ టవర్లు తెరిచారు, అక్కడ ఎవరైనా ప్రయత్నించారా?

మిర్యాలగూడ65
రాసిస్తోంది, నేనూ వాడతాను. మా దగ్గర శిక్షణలో ఉన్న కుర్రాడు అలా తెచ్చిన లాగిన్ పేజీ చూపించి "పనిచేస్తోంది కదా సార్" అన్నాడు. పేరు గడిలో ఒక్క కొటేషన్ గుర్తు కొట్టాను, పేజీ కూలిపోయింది. వాడుకరి కొట్టినదాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించారు, అంటే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. అతనికి కోపం వచ్చింది, తర్వాత రెండు రోజులు కూర్చుని సరిచేశాడు. టవర్ల సంగతికొస్తే, రెజ్యూమె ఇచ్చి రావడంలో నష్టం లేదు. అదొక్కటే నమ్ముకుని హైదరాబాద్ అవకాశాలు వదులుకోవద్దు.

దేవరకొండ_డిగ్రీ
అందరికీ ధన్యవాదాలు. ప్రస్తుతానికి డబ్బు కట్టలేదు. ఎండీఎన్ (వెబ్ డెవలప్‌మెంట్ నేర్పే ఉచిత సైటు) చదువుతూ నాన్న కోసం బత్తాయి కోతల లెక్క పేజీ ఒకటి మొదలుపెట్టాను. మొదటి గడిలో 3 టన్నులు, రెండో గడిలో 2 టన్నులు కొడితే మొత్తం 32 టన్నులు చూపిస్తోంది. నాన్న చూసి "ఈ లెక్కే బాగుంది, ఇలాగే ఉంచు" అంటున్నారు. ఎందుకిలా వస్తోంది అక్కా?

జడ్చర్ల_అక్క
గడిలోంచి వచ్చేది నీకు అంకెలా కనిపిస్తుంది కానీ అది స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. ప్లస్ పెడితే కూడిక చేయదు, పక్కపక్కన అతికిస్తుంది. రెండింటినీ ముందు నంబర్‌గా మార్చు, 5 వస్తుంది. నాన్నగారికి నువ్వే నచ్చజెప్పుకో.