మన ఎండలకు కారు థర్మోస్టాట్ వాల్వు తీసేయడం సబబేనా?

ప్రశ్న (గుంటూరు)

నా పెట్రోలు కారు కొంతకాలంగా ట్రాఫిక్‌లో హీటెక్కుతోంది. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతను తాకుతున్న సమయంలోనూ రేడియేటర్ చల్లగానే ఉంటోంది. షెడ్డులో చూపిస్తే థర్మోస్టాట్ వాల్వు (ఇంజను వేడెక్కాకే కూలెంట్‌ను, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌లోకి వదిలేది) మూసుకుపోయి బిగుసుకుందని, మన ఎండలకు అసలు దానితో పనే లేదని, పీకేస్తే ఇక ఏ బెడదా ఉండదని అన్నారు. ఈ సలహా పాటించవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మెకానిక్ (విజయవాడ)

ఆ సలహాను నేను తప్పుపట్టలేను. వాల్వు తెరుచుకుని ఉండిపోతే (పీకేసినా అంతే) పెట్రోలు కాస్త ఎక్కువ కాలుతుంది. మూసుకుని ఉండిపోతే మాత్రం కొద్దిసేపట్లోనే ఇంజను పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగిపోయి, దాని కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయే ప్రమాదం ఉంది. ఈ రెండు నష్టాల్లో ఏది భరించగలమో బండి యజమానే ఆలోచించుకోవాలి. పైగా నాసిరకం వాల్వులు బజారులో విరివిగా దొరుకుతున్నాయి. కొత్తది వేసిన కొన్నాళ్లకే మళ్లీ బిగుసుకుపోయిన బండ్లు నా దగ్గరికే వచ్చాయి. పొద్దున స్టార్ట్ చేస్తే రాత్రి దాకా తిరిగే ట్యాక్సీకి ఇంజను చల్లబడే తీరికే ఉండదు, కాబట్టి దానికి వాల్వు లేని లోటు అంతగా తెలియదు.

ఆటోమొబైల్ అధ్యాపకుడు (వరంగల్)

మెకానిక్ గారి భయంలో న్యాయం ఉంది. ఆయన తేల్చిన మాటతోనే నాకు పేచీ. వాల్వులో చిన్న ఇత్తడి గిన్నె, అందులో మైనం ఉంటాయి. కూలెంట్ వేడికి ఆ మైనం కరిగి, ఉబ్బి, సన్నని కడ్డీని నెట్టడంతో స్ప్రింగు అణిగి రేడియేటర్ వైపు దారి తెరుచుకుంటుంది. ఇది చాలా కార్లలో 82 నుంచి 92 డిగ్రీల సెల్సియస్ మధ్య మొదలవుతుంది. రోహిణి కార్తెలో రెంటచింతలలో 46 డిగ్రీలు కాసినా, బయటి గాలి వాల్వు తెరుచుకునే ఆ వేడి కంటే ఎంతో చల్లనిదే కాబట్టి, మన ఎండలకు వాల్వు అక్కర్లేదన్న వాదన లెక్కకు నిలవదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. అనేక ఇంజన్లలో ఈ వాల్వుకు అడుగున రెండో బిళ్ల ఉండి, రేడియేటర్ దారి తెరుచుకునే కొద్దీ బైపాస్ దారిని (కూలెంట్‌ను రేడియేటర్‌కు పంపకుండా ఇంజనులోనే తిప్పే అడ్డదారిని) మూస్తుంది. వాల్వును పీకేస్తే ఆ బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది గనుక, వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజనులోకి పోతుంది. అంటే చల్లబడాలని చేసిన పని వల్లే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి హీటెక్కవచ్చు. ఇక బైపాస్ చిక్కు లేని ఇంజనులోనైనా, కూలెంట్ తగినంత వేడెక్కకపోతే ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్) ఇంజను ఇంకా చల్లగా ఉందని భావించి అదనంగా పెట్రోలు చిమ్ముతుంది. కాలని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చబరుస్తుంది, ఆయిల్‌లోని తేమ ఆవిరైపోక మడ్డి కడుతుంది. కారు లోపాలు చదివే స్కానర్‌లో పీ0128 కోడ్ (కూలెంట్ తగినంత వేడెక్కడం లేదని దాని అర్థం) కనిపిస్తే, ముందుగా అనుమానించవలసింది తెరుచుకుని ఉండిపోయిన వాల్వునే.

మెకానిక్ (విజయవాడ)

బైపాస్ సంగతి ఒప్పుకుంటాను, కానీ అన్ని ఇంజన్లూ ఆ రకానివి కావు. కొన్ని కార్లకు వాల్వు విడిగా దొరకదు, దాన్ని బిగించే ప్లాస్టిక్ హౌసింగ్‌తో (తొడుగుతో) సహా కొనాలి. అది వచ్చేదాకా కుటుంబంతో దారిలో చిక్కుకున్నవారిని ఏం చేయమంటారు?

ఆటోమొబైల్ అధ్యాపకుడు (వరంగల్)

అలాంటప్పుడు తీసి, ముల్లును గమనిస్తూ నెమ్మదిగా ఇంటికి చేరడంలో తప్పు లేదు. దాన్నే శాశ్వత వైద్యంగా వదిలేయడమే నాకు సమ్మతం కాదు.

గుంటూరు మిత్రులు ముందు రోగం వాల్వుదేనని తేల్చుకోవాలి. ఫ్యాను తిరగకపోయినా, వాటర్ పంపు పాడైనా, కూలెంట్ తగ్గినా నింద వాల్వు మీదే పడుతోంది. పొద్దున చల్లని ఇంజను స్టార్ట్ చేసి, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, రేడియేటర్ పై హోస్ పైపును తాకి చూడండి. వాల్వు ఆ వైపు ఉండే ఇంజన్లలో, అది బాగుంటే పైపు కొన్ని నిమిషాల పాటు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. ముల్లు పైకి పోయినా పైపు చల్లగానే ఉంటే అనుమానం బలపడుతుంది. విప్పిన వాల్వును గిన్నెడు నీటిలో దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి; దాని మీద ముద్రించిన అంకె దాటినా కదలకపోతే ఇక సందేహం లేదు. ఇంజను వేడిగా ఉండగా మాత్రం రేడియేటర్ మూత తీయకండి, ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

కొత్త వాల్వు పాతదాని ఉష్ణోగ్రత అంకెతోనే ఉండాలి, గ్యాస్కెట్ కూడా కొత్తది వేయించాలి. వాల్వు అంచున చిన్న గాలి రంధ్రం ఉంటే దాన్ని పైవైపుకు పెట్టించండి. లేకపోతే లోపల గాలి చిక్కుకుని, కొత్త వాల్వు వేసినా బండి హీటెక్కుతూనే ఉంటుంది. కూలెంట్ నింపి గాలి తీయించాక, మర్నాడు ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టం మరోసారి చూసి, తగ్గితే నింపండి.