ఓజుర్‌డెక్స్ క్లెయిముకు ఏడో వంతు డబ్బే వచ్చింది, ఎక్కడ తప్పాను?

కొత్తకోడర్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో ఒక అమెరికా రెటీనా క్లినిక్కుకు కోడింగ్ (చికిత్సలను బీమా బిల్లు కోడ్లుగా మార్చే పని) చేస్తున్నాను. ఎముకల విభాగం నుంచి కంటి విభాగానికి మారి నాలుగు నెలలైంది.

మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) ఉన్న ఒక పెద్దావిడకు షుగర్ వల్ల కుడి కంటి రెటీనాలో నీరు చేరింది. డాక్టరు నోట్సులో ‘ఓజుర్‌డెక్స్ 0.7 మి.గ్రా., కుడి కన్ను, ఒకటి’ అని ఉంది. ఓజుర్‌డెక్స్ అంటే సూదితో కంటి లోపల పెట్టే మందు పుల్ల. ఇంజెక్షనుకు 67028 కోడు, కుడి కన్ను అని చెప్పడానికి ఆర్‌టీ పెట్టాను. మందుకు జె7312 కోడు, యూనిట్లు 1 అని వేశాను. డబ్బా ఒకటి, అప్లికేటరు ఒకటి, లోపలి మందు పుల్ల ఒకటి. ఒకటి కాక ఇంకేమి వేస్తాను? తీరా చూస్తే రావలసిన దానిలో ఏడో వంతే వచ్చింది.

ఇంకొకరిది ఎడమ కన్ను. అందులో మందు వరుసకు మాడిఫయర్ (కోడు పక్కన పెట్టే రెండక్షరాల గుర్తు) లేదని క్లెయిమునే తిప్పి పంపారు. ఎడమ కన్ను అని ఎల్‌టీ పెట్టాను కదా, ఇంకేమి కావాలి?

మా నాన్నకూ ఇదే జబ్బు. కంటికి సూది అంటే ఆయన ముందు రోజు రాత్రి నిద్రపోరు. అంత భయాన్ని ఓర్చుకుని వేయించుకున్నవారి కాగితాలు నా చేతిలో తప్పుగా పోవడం నాకు చాలా బాధగా ఉంది.

రెటీనా_పదేళ్లు:
అమ్మా, జె7312 వివరణను చివరి దాకా చదవండి. అక్కడ ‘0.1 మి.గ్రా.’ అని ఉంటుంది. ఆ కోడు లెక్కించేది డబ్బాలను కాదు, మందు బరువును. 0.7ను 0.1తో భాగిస్తే 7 యూనిట్లు. ఇలాంటివే ఇంకో రెండు కంటి మందులున్నాయి. ఇలూవియెన్‌కు జె7313 కొలత 0.01 మి.గ్రా.; మందు 0.19 కాబట్టి 19 యూనిట్లు. యూటిక్ 0.18, కోడు జె7314, కొలత అదే, అక్కడ 18. ఎముకల విభాగం నుంచి వచ్చినవారు మొదట తడబడేది ఇక్కడే.

రెండోదానికి కావలసింది జేజెడ్. ఒక్కసారికే వాడే ప్యాకింగులోని మందు ఏమీ పారేయలేదని చెప్పే మాడిఫయర్ అది. మెడికేర్‌లో 2023 జూలై 1 నుంచి తప్పనిసరి. మందు వరుసలోనే పెట్టండి, 67028 మీద కాదు.

సరిదిద్దే దారులు మాత్రం రెండింటికీ వేరు. తిరిగి వచ్చినదాన్ని కొత్త క్లెయిముగా పంపండి. డబ్బు వచ్చేసినదాన్ని మళ్లీ పంపితే డూప్లికేట్ అని కొట్టేస్తారు. దానికి రీఓపెనింగ్, అంటే తేలిపోయిన క్లెయిమును మళ్లీ తెరిచి సరిదిద్దమని, అడగాలి. మొదటి నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు అడగవచ్చు.

న్యూజెర్సీ_ఫ్రంట్‌డెస్క్:
నేను క్లినిక్కు వైపు మనిషిని. ఆ పుల్ల పొడవు 6 మిల్లీమీటర్లు, బియ్యపు గింజంత; సన్నగా సూదిలో ఇమిడిపోతుంది. దాన్ని మేము ముందే డబ్బు పెట్టి కొంటాం, ఆ తరువాతే బిల్లు. అందుకే ఒక్క అంకె తప్పినా మాకు గట్టి దెబ్బ. డబ్బా మీది లాట్ నంబరు స్టిక్కరును చార్టులో అంటిస్తాం. అది కనబడకపోతే మమ్మల్ని అడగండి, ఊహించి వేయకండి.

ఇంకొక మాట. యూనిట్లు పెరిగితే పేషెంటు కట్టవలసిన 20 శాతం కూడా పెరుగుతుంది. ఆ వాటాను భరించే సప్లిమెంట్ పాలసీ లేనివారైతే ఆ రెండో బిల్లు చూసి హడలిపోతారు. రీఓపెనింగ్ పెట్టే రోజే మాకు చెబితే ముందుగా ఫోను చేసి నచ్చజెబుతాం.

ఆడిటర్_విజయవాడ:
కన్ను విషయంలో డయాగ్నసిస్ (జబ్బు) కోడు కూడా చూసుకోండి. షుగర్‌ది ఇ11.3311 అయితే చివరి 1 కుడి కన్ను. అదే రెటీనా సిర మూసుకుపోయిన కేసులో హెచ్34.8310 అయితే కుడి కన్నును చెప్పేది చివరి అంకె కాదు, దాని ముందున్న 1. చివరి సున్నా నీరు చేరిందని చెబుతుంది. ఈ తేడా తెలియక కుడి ఎడమలు మార్చినవారిని చాలామందిని చూశాను.

కొత్తకోడర్:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి కూర్చుని నాలుగు నెలల జాబితా మొత్తం తీశాను. ఒక్క యూనిట్‌తో పోయినవి ఇంకో మూడు దొరికాయి, మూడూ నేను చేసినవే. మా టీమ్ లీడ్‌కు చెప్పాను. నాలుగింటికీ ఈ రోజు రీఓపెనింగ్ పెడుతున్నాం. ఆ పెద్దావిడకు సప్లిమెంట్ ఉందో లేదో క్లినిక్కును అడుగుతూ ఇప్పుడే మెయిల్ పంపాను.